గతం ఉంటే సరిపోదు: ఒక బ్యాట్‌మ్యాన్ కార్టూన్ నేర్పే పాత్రల పాఠం

మన క్లబ్‌కి వచ్చే కథల్లో విలన్లు ఎక్కువగా రెండు రకాలు. మొదటి రకానికి కారణం ఉండదు. వాడు చెడ్డవాడు కాబట్టి చెడ్డపనులు చేస్తాడు, చివరి పేజీలో హీరో చేతిలో దెబ్బలు తింటాడు. రెండో రకానికి కారణం మరీ ఎక్కువ. చిన్నప్పుడు వాడికి ఏదో ఘోరం జరుగుతుంది, ఇక అక్కడి నుంచి వాడు ఏం చేసినా మనం జాలి పడాలి. ఈ రెండిటి మధ్యలో ఇంకో దారి ఉంది. దాన్ని నేను ముప్పై ఏళ్ళ కిందటి ఒక కార్టూన్‌లో చూశా. అందుకే ఈసారి స్టడీ ఆర్టికల్ దాని మీద.

ఆ కార్టూన్ పేరు 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్'. 1992 సెప్టెంబర్ 5న అమెరికాలో ఫాక్స్ వాళ్ళ పిల్లల కార్యక్రమాల్లో మొదలైంది. మొత్తం 85 ఎపిసోడ్లు. మనలో ఎవరూ అప్పటికి పుట్టలేదు. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ దీన్ని మొదలుపెట్టారు. ఆలన్ బర్నెట్ నిర్మాతగా, కథల పెద్దగా చేరాడు. పాల్ డీనీ ముఖ్య రచయితల్లో ఒకడు. గొంతుల డైరెక్టర్ ఆండ్రియా రొమానో. ఈ ఐదు పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ముందు బొమ్మల సంగతి. మామూలుగా కార్టూన్ బ్యాక్‌గ్రౌండ్లు తెల్ల కాగితం మీద వేస్తారు. రాడోమ్‌స్కీ నల్ల కాగితం మీద వేయించాడు. అంటే గోథమ్ నగరంలో చీకటి ముందే ఉంది, వెలుగు ఎక్కడ పడాలో అక్కడ మాత్రమే రంగు వేశారు. టిమ్ గీసిన మనుషులకి గీతలు చాలా తక్కువ. వెడల్పు భుజాలు, చదరపు దవడ, అంతే. దీనికి ఒక ప్రాక్టికల్ కారణం కూడా ఉంది. బొమ్మల్ని కదిలించే పని జపాన్, కొరియా లాంటి దేశాల్లోని వేర్వేరు స్టూడియోల్లో జరిగేది. ఒక్కో పాత్రని వేలసార్లు వేర్వేరు చేతులు గీయాలి. గీతలు ఎక్కువైతే ప్రతి చేతిలో మనిషి మారిపోతాడు. తక్కువైతే ఎవరు గీసినా వాడు వాడే. రాసే మనకి కూడా ఇది పనికొస్తుంది. పాత్ర గురించి ఇరవై వివరాలు చెప్పే బదులు, ఎవరు చూసినా గుర్తుపట్టే రెండు వివరాలు చాలు.

ఇక అసలు విషయం. నాలుగు పాత్రల్ని తీసుకుని, వాటిని తయారుచేసినవాళ్ళు ఏం ఆలోచించారో చూద్దాం.

1. మిస్టర్ ఫ్రీజ్: కారణం లేనివాడికి కారణం ఇవ్వడం

ఈ పాత్ర 1959లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు పేరు మిస్టర్ జీరో. ఐస్ గన్ పట్టుకుని దొంగతనాలు చేసేవాడు. 1960ల టీవీ సిరీస్‌లో మిస్టర్ ఫ్రీజ్ అయ్యాడు. పేరు మారినా పని మారలేదు. గడ్డకట్టించడం, దోచుకోవడం. నిజం చెప్పాలంటే మన మొదటి రకం విలన్.

1992లో పాల్ డీనీ 'హార్ట్ ఆఫ్ ఐస్' అనే ఎపిసోడ్ రాశాడు, బ్రూస్ టిమ్ డైరెక్ట్ చేశాడు. అందులో ఫ్రీజ్ అసలు పేరు విక్టర్ ఫ్రైస్, ఒక సైంటిస్ట్. భార్య నోరాకి నయం కాని జబ్బు. మందు దొరికేదాకా ఆమెని గడ్డకట్టించి బతికించాలని, కంపెనీ పరికరాలతో రహస్యంగా ప్రయోగం చేస్తుంటాడు. కంపెనీ బాస్ ఫెరిస్ బాయిల్‌కి తెలుస్తుంది. డబ్బు వృథా అని మెషిన్ ఆపించేస్తాడు. ఆ పెనుగులాటలో విక్టర్‌ని రసాయనాల మీదకి తోసేస్తాడు. అప్పటినుంచి విక్టర్ శరీరం గడ్డకట్టే చలిలో తప్ప బతకలేదు. ఆ బాయిల్ ఎవరో తెలుసా? కథ జరిగే రాత్రి మానవతావాదిగా అవార్డు అందుకుంటున్న పెద్దమనిషి. పైన పటారం, లోన లొటారం.

ఇక్కడ టిమ్, డీనీ చేసిన తెలివైన పని ఒకటుంది. ఇంత ఏడుపు కథ ఉన్న మనిషితో వాళ్ళు ఏడిపించలేదు. గొంతు ఇచ్చిన మైకేల్ అన్సారా చేత అసలు ఎమోషన్ లేకుండా, మర మనిషిలాగా మాట్లాడించారు. పాత్రకి రూపం గీసింది మైక్ మిగ్నోలా, తర్వాత 'హెల్‌బాయ్' సృష్టించినాయన. గుండ్రటి గాజు హెల్మెట్, ఎర్ర కళ్ళద్దాలు. కళ్ళు కూడా కనపడవు. మొహంలో లేని దుఃఖాన్ని వాళ్ళు ఒక వస్తువులో పెట్టారు: మంచు కురిసే గాజు బంతి, లోపల డాన్స్ చేసే అమ్మాయి బొమ్మ. ఎపిసోడ్ మొదట్లో అది అతని చేతిలో ఉంటుంది. చివర్లో ఆర్కమ్ జైలు గదిలో, చలిలో ఒంటరిగా కూర్చుని, అదే గాజు బంతి పట్టుకుని నోరాని క్షమాపణ అడుగుతాడు. గొంతు అప్పుడే కొంచెం వణుకుతుంది. ఇరవై రెండు నిమిషాలు ఆపి ఉంచారు కాబట్టే ఆ కొంచెం అంత గట్టిగా తగులుతుంది.

ఈ ఎపిసోడ్ రచనకి డేటైమ్ ఎమ్మీ వచ్చింది. కామిక్స్ వాళ్ళు కూడా పాత గతాన్ని పక్కనపెట్టి ఈ గతాన్నే తీసుకున్నారు. 1997 సినిమాలో ఫ్రీజ్‌కి నోరా ఉండటానికి కారణం ఈ ఎపిసోడే.

కానీ నన్ను ఆపింది వేరే సంగతి. బ్యాట్‌మ్యాన్‌కి బాయిల్ ఎలాంటివాడో ల్యాబ్ రికార్డింగ్ చూశాక తెలిసిపోతుంది. ఫ్రీజ్ మీద అతనికి జాలి ఉంది. అయినా ఫ్రీజ్‌ని ఆపుతాడు. ఎందుకంటే ఆ పగ దారిలో సంబంధం లేనివాళ్ళు కూడా గడ్డకడుతున్నారు. ఆపిన తర్వాత ఆ రికార్డింగ్‌ని రిపోర్టర్ చేతిలో పెట్టి బాయిల్ బండారం కూడా బయటపెడతాడు. రెండు పనులూ చేస్తాడు. జాలి పడ్డాడు కాబట్టి వదిలెయ్యలేదు, ఆపాడు కాబట్టి జాలి మానుకోలేదు. నేను మొదట చెప్పిన మధ్య దారి ఇదే.

(మనవాళ్ళ కోసం ఒక బోనస్. ఈ ఎపిసోడ్‌లో బ్యాట్‌మ్యాన్‌కి జలుబు. ఆల్ఫ్రెడ్ ఫ్లాస్క్‌లో వేడి చికెన్ సూప్ ఇచ్చి పంపుతాడు. చివరికి ఫ్రీజ్ చల్లటి గాజు హెల్మెట్ పగిలేది ఆ సూప్ వల్లే. థర్మల్ షాక్. మెటీరియల్స్ క్లాసులో నిద్రపోయినవాళ్ళకి కూడా గుర్తుండిపోతుంది.)

2. హార్వీ డెంట్: దెబ్బ ముందే తగిలింది

టూ-ఫేస్ పాత్ర 1942 నాటిది. కామిక్స్‌లో లెక్క సింపుల్: కోర్టులో గ్యాంగ్‌స్టర్ యాసిడ్ పోశాడు, లాయర్ మొహం సగం కాలింది, మనసు కూడా సగం పాడైంది. ఆలన్ బర్నెట్ కథ ఇచ్చిన రెండు భాగాల ఎపిసోడ్ ఈ వరసని తిరగేసింది. ఇందులో మొహం కాలకముందే హార్వీలో ఇద్దరున్నారు.

చిన్నప్పుడు హార్వీ తనని ఏడిపించే ఒక పిల్లాడిని కొట్టాడు. మర్నాడు ఆ పిల్లాడు ఆస్పత్రిలో ఉన్నాడని విన్నాడు. తన వల్లే అనుకుని కుమిలిపోయాడు. నిజానికి అది అపెండిసైటిస్, దెబ్బకి సంబంధమే లేదు. కానీ అప్పటికే హార్వీ ఇంకెప్పుడూ కోపం తెచ్చుకోకూడదని నిర్ణయించేసుకున్నాడు. పెద్దయ్యాక అందరికీ నచ్చే లాయర్ అయ్యాడు, ఎప్పుడూ నవ్వుతాడు, గొంతు పెంచడు. మింగిన కోపమంతా లోపల ఇంకో మనిషిలా తయారైంది. తర్వాత పేలుడు జరుగుతుంది, మొహం కాలుతుంది. కానీ ఆ పేలుడు కొత్త మనిషిని పుట్టించలేదు, ఉన్నవాడికి తలుపు తీసింది అంతే.

'వాడు చాలా మంచోడు, ఎప్పుడూ ఏమీ అనడు' అని మనం కొంతమంది గురించి మెచ్చుకోలుగా అంటాం. ఇంటర్ కాలేజీల్లో రెండేళ్ళు ఏమీ అనకుండా మింగినవాళ్ళు ఈ క్యాంపస్‌లో చాలామందే ఉన్నారు. అందుకేనేమో, నాకు ఫ్రీజ్ కంటే హార్వీని చూస్తేనే ఎక్కువ భయమేసింది. ఫ్రీజ్‌కి జరిగింది అందరికీ జరగదు. హార్వీకి జరిగింది చాలా మామూలు విషయం.

3. బ్రూస్ వేన్: అదే గాయం, వేరే నిర్ణయం

ఇప్పుడు హీరో దగ్గరికి వద్దాం. బ్రూస్ వేన్‌కీ గతం ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లాడి కళ్ళ ముందు అమ్మానాన్నల్ని చంపేశారు. ఫ్రీజ్ పోగొట్టుకున్నదానికి ఇది తక్కువేం కాదు. గాయాల లెక్క చూస్తే బ్యాట్‌మ్యాన్ విలన్ అవ్వడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి.

గొంతు ఇచ్చిన కెవిన్ కన్రాయ్ జూలియార్డ్‌లో చదువుకున్న రంగస్థల నటుడు. ఆడిషన్‌కి వచ్చేనాటికి అతనికి తెలిసిన బ్యాట్‌మ్యాన్ 1960ల కామెడీ టీవీ షో ఒక్కటే. తల్లిదండ్రుల హత్య సంగతి అక్కడే చెప్పారు. కన్రాయ్ రెండు గొంతులు పెట్టాడు. పార్టీల్లో నవ్వే బ్రూస్‌ది తేలికపాటి గొంతు. బ్యాట్‌మ్యాన్‌ది లోతైన, నెమ్మదైన గొంతు. అతని లెక్కలో ముసుగు బ్యాట్‌మ్యాన్ కాదు, బ్రూస్. లోకం కోసం వేసే వేషం ఆ నవ్వే కోటీశ్వరుడిదే. ఈ సంగతి తెలిశాక ఎపిసోడ్లు కళ్ళు మూసుకుని వినండి. ఆల్ఫ్రెడ్‌తో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పార్టీ గొంతు మాయమైపోతుంది.

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో కన్రాయ్ 2022లో 'ఫైండింగ్ బ్యాట్‌మ్యాన్' అనే చిన్న కామిక్‌లో తనే రాశాడు. అతను గే. తను మొదలుపెట్టిన రోజుల్లో అది బయటపడితే అవకాశాలు పోయేవి. ఒక మొహం లోకానికి, ఒక మొహం తనకి. రెండు జీవితాలు బతకడం అంటే ఏంటో అతనికి ఎవరూ వివరించక్కర్లేకపోయింది. ఆ ఏడాది నవంబర్‌లో కన్రాయ్ చనిపోయాడు. ఒక నటుడు తను మోసిన బరువునే పాత్రకి పెట్టుబడిగా పెట్టాడని తెలిశాక ఆ గొంతు నాకు వేరేగా వినిపిస్తోంది.

ఈ పాయింట్‌కి ఇంకో రుజువు 'రాబిన్స్ రెకనింగ్' ఎపిసోడ్. పిల్లల ఛానల్ కాబట్టి చావులు చూపించడానికి వీల్లేదు. అందుకని సర్కస్‌లో డిక్ గ్రేసన్ అమ్మానాన్నలు ఊగుతూ ఫ్రేమ్ దాటి వెళ్తారు, తిరిగొచ్చేది తెగిన తాడు మాత్రమే. రక్తం చుక్క లేదు, అరుపు లేదు. అయినా ఆ తాడు మర్చిపోలేం. దాని మొదటి భాగానికి 1993లో ప్రైమ్‌టైమ్ ఎమ్మీ వచ్చింది. పెద్దయిన డిక్ చేతికి ఆ హంతకుడు దొరుకుతాడు. చంపెయ్యగలడు, చంపడు. గతం అతన్ని ఆ క్షణం దాకా తీసుకొచ్చింది. ఆ క్షణంలో ఏం చెయ్యాలన్నది మాత్రం అతని నిర్ణయం.

ఈ సిరీస్‌లో హీరోకీ విలన్‌కీ తేడా గాయంలో లేదు, దానితో ఏం చేశారన్న దాంట్లో ఉంది.

4. హార్లీ, జోకర్: కారణాన్ని ఎరగా వాడితే

ఇక అందరికీ తెలిసిన జంట. హార్లీ క్విన్ కామిక్స్ నుంచి రాలేదు, ఈ కార్టూన్‌లోనే పుట్టింది. 1992లో 'జోకర్స్ ఫేవర్' ఎపిసోడ్ కోసం జోకర్ పక్కన ఒక అమ్మాయి కావాల్సి వచ్చింది. డీనీ తన కాలేజీ ఫ్రెండ్, నటి ఆర్లీన్ సోర్కిన్‌ని గుర్తుచేసుకున్నాడు. ఆమె ఒక టీవీ సీరియల్‌లోని కల సన్నివేశంలో విదూషక వేషం వేసింది. ఆ వేషం, ఆమె మాట తీరు కలిపి హార్లీ అయింది. గొంతు కూడా సోర్కినే ఇచ్చింది. ఒక్క ఎపిసోడ్‌తో అయిపోవాల్సిన పాత్ర ఇప్పుడు సినిమాల్లో హీరోయిన్.

ఆమె గతాన్ని డీనీ, టిమ్ కలిసి 1994లో 'మ్యాడ్ లవ్' అనే కామిక్‌లో చెప్పారు. దానికి ఐస్నర్ అవార్డు వచ్చింది, 1999లో ఎపిసోడ్‌గా కూడా తీశారు. హార్లీన్ క్విన్‌జెల్ ఆర్కమ్‌లో మానసిక వైద్యురాలు. జోకర్ పేషెంట్. తన చిన్నతనం గురించి, నాన్న కొట్టడం గురించి అతను చెప్తుంటే ఆమె కరిగిపోతుంది. ఈ మనిషిని నేను తప్ప ఎవరూ అర్థం చేసుకోలేదు అనుకుంటుంది. చదువు, ఉద్యోగం, పేరు అన్నీ వదిలేసి అతని వెనక వెళ్తుంది.

తర్వాత బ్యాట్‌మ్యాన్ ఆమెకి ఒక నిజం చెప్తాడు. జోకర్ ఆ నాన్న కథని ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్తాడు. ఎవరు దేనికి కరుగుతారో చూసి దాన్ని వాడతాడు.

ఇక్కడ రచయితలు ఫ్రీజ్ పాఠాన్నే తలకిందులు చేశారు. ఫ్రీజ్ గతాన్ని మనం నమ్మొచ్చు, రికార్డింగ్ ఉంది. జోకర్ చెప్పే గతానికి అతని మాట తప్ప ఏ సాక్ష్యం లేదు. కారణం చెప్పడం కూడా ఒక ఆయుధం కావచ్చని ఈ కథ చెప్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుంది? హార్లీ జోకర్ కోసం బ్యాట్‌మ్యాన్‌ని పట్టుకుంటుంది. తను చెయ్యలేనిది ఆమె చేసేసరికి జోకర్ అహం దెబ్బతిని, ఆమెని ఎత్తైన కిటికీలోంచి కిందకి తోసేస్తాడు. ఒళ్ళంతా కట్లతో మంచం మీద, ఇక అతని మొహం చూడనని అనుకుంటుంది. పక్కన ఒక పువ్వు, త్వరగా కోలుకోమని చిన్న చీటీ. అంతే, మళ్ళీ మొహం వెలిగిపోతుంది. కథ అక్కడ ఆగిపోతుంది.

మన బ్యాచ్ వాట్సాప్ డీపీల్లో ఈ జంట ఫొటో కనీసం ముగ్గురికి ఉంది. కింద 'కపుల్ గోల్స్' అని ఒక స్టేటస్. ఆ పువ్వు ప్రేమకి గుర్తు అనుకుంటే పాత్రని తయారుచేసినవాళ్ళు చెప్పింది మనకి అందనట్టే. తోసినవాడే పువ్వు పంపాడు, అది చూసి మనకి ఒళ్ళు జలదరించాలి.

దీన్ని సాహిత్య చర్చగా వదిలెయ్యలేకపోతున్నా. నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. తనతో ఉన్న అబ్బాయి కోపం వస్తే తన ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. రెండోసారి కూడా. అడిగితే ఆ అమ్మాయి చెప్పేది ఒకటే: 'వాళ్ళింట్లో పరిస్థితి నీకు తెలీదే, పాపం చాలా పడ్డాడు.' పడ్డాడేమో. నేను కాదనట్లేదు. కానీ 'మ్యాడ్ లవ్' చూసినప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. అతని కష్టం నిజమే అనుకుందాం, గోడకేసి కొట్టిన ఫోన్ కూడా నిజమే కదా? మొదటిది రెండోదాన్ని ఎలా కొట్టేస్తుంది? ఫ్రీజ్ విషయంలో బ్యాట్‌మ్యాన్ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని నిలబడ్డాడు. హార్లీ ఒకదాన్ని చూసి రెండోదానికి కళ్ళు మూసుకుంది.

మనం రాసేటప్పుడు

ఇప్పుడు క్లబ్ పని. వచ్చే సంచికకి కథ పంపేముందు మీ ముఖ్య పాత్రని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఇతనికి ఏం కావాలి? ఒక్క వాక్యంలో రావాలి. ఫ్రీజ్‌కి నోరా కావాలి, ఆమె లేదు కాబట్టి పగ కావాలి. మీ పాత్రకి ఒక్క వాక్యం రాకపోతే కథ ఇంకా మొదలవ్వనట్టే.

రెండు, ఆ బాధ ఏ వస్తువులో ఉంది? పాత్ర చేత 'నేను చాలా బాధపడుతున్నా' అనిపించకండి. ఒక గాజు బంతి, ఒక తెగిన తాడు వెతకండి. అది మన ఇళ్ళలోనిదే అవ్వాలి. నాన్న వాడడం మానేసిన హెల్మెట్ కావచ్చు, ఎవరూ తియ్యని స్టీల్ డబ్బా కావచ్చు.

మూడు, ఈ గతాన్ని ఎవరు చెప్తున్నారు? రచయితగా మీరు చూపిస్తున్నారా, పాత్ర తన గురించి తనే చెప్పుకుంటోందా? రెండోదైతే పాఠకుడు నమ్మడానికి ఏదో ఒక రుజువు ఇవ్వండి, లేదా నమ్మకపోవడానికి ఒక దారి ఉంచండి.

నాలుగు, అదే గతంతో వేరే దారి ఎంచుకున్న ఇంకో మనిషి మీ కథలో ఉన్నాడా? ఫ్రీజ్ ఎదురుగా బ్రూస్ ఉన్నాడు కాబట్టే ఫ్రీజ్ చేసింది విధి కాదు, ఎంపిక అని మనకి అర్థమైంది. ఒక్క తమ్ముడో, ఒక్క రూమ్మేటో చాలు.

చూడటం మొదలుపెట్టాలనుకుంటే 'హార్ట్ ఆఫ్ ఐస్', ఆ తర్వాత 'టూ-ఫేస్' రెండు భాగాలు, తర్వాత 'రాబిన్స్ రెకనింగ్' రెండు భాగాలు, ఆఖరున 'మ్యాడ్ లవ్'. అన్నీ కలిపి రెండున్నర గంటలు కూడా పట్టవు, ఒక సినిమా చూసినంత. 'మ్యాడ్ లవ్'ని మాత్రం ఒక్కరే చూడకండి. పక్కన ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకోండి. ఆ పువ్వు దగ్గర ఆపి, 'ఇప్పుడు నీకేమనిపిస్తోంది?' అని అడగండి. వాళ్ళు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.